పరిశోధకుని పనికి పడికట్టు రాయి ఏది?

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పాల్కురికి సోమనాథుని బసవపురాణమును పరిష్కరించి, విపులమైన పీఠికతో 1926లో ఆంధ్రగ్రంథమాల పక్షమున వెలువరించినారు. అది మొదలు నేటివరకు సోమనాథుని కాలమును గూర్చి గాని, ద్విపదను గూర్చి గాని, జానుతెనుగును గూర్చి గాని మాటాడదలచినవాడు ఆ పీఠికను చదువక ముందునకు అడుగిడజాలడు. అట్టి పనికి నేటి అధ్యాపకుల పదోన్నతి పట్టికలో ఎన్ని పాయింట్లు లభించును? విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము, అనగా అందరును యూజీసీ అని పిలుచు సంస్థ, 2018లో ప్రకటించిన నిబంధనలలో ప్రాచీన గ్రంథ పరిష్కరణమునకు ప్రత్యేకమైన గడి లేదు. దానికి దగ్గరగా ఉన్నది సంపాదకుని గడి. దేశీయ ప్రచురణకర్త వెలువరించిన గ్రంథమునకు సంపాదకుడైనవానికి 8 పాయింట్లు. భాషాసాహిత్య శాఖలలో ఆమోదింపబడిన పత్రికయందు అచ్చైన ఒక్క వ్యాసమునకు 10. కావున బసవపురాణ పరిష్కరణము నాలుగు పుటల వ్యాసముకంటె రెండు పాయింట్లు తక్కువ తూగుచున్నది.

ఇది నవ్వుకొని విడువదగిన లెక్క కాదు. కృష్ణా, గుంటూరు మండలములలోని ఏ కళాశాలలోనైనను నేడు తెలుగు బోధించు యువ అధ్యాపకుని ముందు ఈ పట్టిక ఉన్నది. తాళపత్ర ప్రతులను వెదకి, పోల్చి, ఒక కావ్యమును శుద్ధముగా నిలుపవలెనన్నచో అతనికి ఎనిమిది పదేండ్లు పట్టును. ఆ కాలములో ఇరువది వ్యాసములు వ్రాయవచ్చును. ఒక పక్క ఎనిమిది, వేరొక పక్క రెండువందలు. సంసారమున్నవాడు ఏ పక్కకు మొగ్గునో చెప్పనక్కరలేదు. అతనిని తప్పు పట్టుటకును వీలు లేదు. తప్పు తూనికలో ఉన్నది.

శాస్త్రిగారు 1888లో పెదకళ్ళేపల్లిలో జన్మించినారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి శిష్యులు. చిరకాలము చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునను, పిదప తిరుపతిలోను పనిచేసి, 1950లో కన్నుమూసినారు. పరిష్కర్త పని యెట్టిదో ఎరుగనివారికి అది పాత పుస్తకమును మరల అచ్చువేయుట వలె తోచును. ఒక కావ్యమునకు ఆరు ప్రతులు దొరకినవనుకొందము. ఒకదానికి చెదలు పట్టినది. ఒకదానిలో ఆకులు తారుమారైనవి. ఇంకొకదానిని వ్రాసిన లేఖకుడు తనకు అర్థము కాని పాతమాటను తీసివేసి, తనకు తెలిసిన మాటను పెట్టినాడు. యతి తప్పినచోట ఏదో అక్షరము మారినదని గుర్తింపవలెను. గణము మిగిలినచోట ఎవరో ఒక మాట చేర్చినారని అనుమానింపవలెను. ఆ మాట కవి నాటి వాడుకలో ఉన్నదా అని శాసనములు చూడవలెను. అర్థము కుదిరినంత మాత్రమున పాఠము సరియైనదని అనుకొనరాదు. లేఖకుడును అర్థము కుదుర్చుటకే దిద్దినాడు గదా! ఇట్లు ఒక్క పాదమునకు ఒక దినము గడచిపోవచ్చును. ఇంతయు చేసిన పిదప పాఠకునకు కానవచ్చునది తడబాటు లేక సాగిపోవు పద్యము మాత్రమే. పరిష్కర్త ఎంత బాగుగా పనిచేసిన, ఆ పని అంతగా కంటికి కానరాదు.

ఆయనయే చాటుపద్యమణిమంజరిని కూర్చినారు. శ్రీనాథుని జీవితమును శోధించి శృంగారశ్రీనాథమును రచించినారు. తిరుమలలో రాగిరేకులపై నిలిచిన తాళ్ళపాక కవుల సంకీర్తనలను వెలుగులోనికి తెచ్చినవారిలో ముఖ్యులైనారు. నేడు పాఠశాలలో బాలబాలికలు అన్నమాచార్యుని కీర్తన పాడుచున్నారన్నచో దాని వెనుక ఆ రేకుల మీది అక్షరములను ఓపికతో చదివినవారి కన్నులున్నవి. ఈ పనిలో ఏ భాగమును వ్యాససంఖ్యకు లొంగదు.

ఇది తెలుగు పండితుల గోడు మాత్రమే యని గణితశాస్త్రజ్ఞులు అనుకొనవచ్చును. వారికిని ఈ ప్రాంతముతో పరిచయమున్న ఒక ఉదాహరణము కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో జన్మించి, నూజివీడు, నందిగామ పాఠశాలలలో కొంతకాలము చదివినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తా చేరి, 1945లో, పాతికేండ్ల ప్రాయములో, కలకత్తా గణిత సంఘము వారి బులెటిన్‌లో ఒక వ్యాసము ప్రకటించినారు. కొలతల నుండి ఒక తెలియని రాశిని అంచనా వేయునప్పుడు ఆ అంచనా సత్యమునకు ఎంత దగ్గరగా పోగలదు, ఏ హద్దును దాటలేదు అను ప్రశ్నకు అందు సమాధానమున్నది. మోటుగా ఉన్న అంచనాను మెరుగుపెట్టు ఉపాయము అందే ఉన్నది. సంఖ్యాశాస్త్రమునకును జ్యామితికిని వియ్యము కలిపిన ఊహయు అందే మొలకెత్తినది. ఆ వ్యాసమును పేర్కొని 2023లో ఆయనకు అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానమును ఇచ్చినారు. వ్యాసమునకును బహుమానమునకును నడుమ 78 సంవత్సరములు! నూటరెండేండ్ల వయసున ఆ గౌరవమునందుకొని ఆయన అదే సంవత్సరము ఆగస్టులో మరణించినారు.

2018 నాటి పట్టికను ఈ వ్యాసముపై పెట్టి చూడుడు. శాస్త్రవిషయక వ్యాసమునకు మూలముగా 8 పాయింట్లు. ఆపైన పత్రికకున్న ప్రభావాంకమును బట్టి అదనముగా చేర్చుదురు. అంకము పదికి మించిన పత్రికయైనచో 30; అంకమే లేని పత్రికయైనచో 5. 1945 నాటి కలకత్తా పత్రికకు ఏ అంకమును లేదు. ఈ లెక్కలో వ్యాసములోపల ఏమున్నదని అడుగు గడి ఒక్కటియు లేదు.

ఈ ప్రభావాంకము ఎట్లు పుట్టినదో తెలిసికొన్నచో దాని దుర్వినియోగము మరింత స్పష్టమగును. 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ అను అమెరికా పండితుడు శాస్త్రవ్యాసములు ఒకదానినొకటి ఉదహరించుటను లెక్కింపవచ్చునని సూచించినాడు. దాని నుండి వచ్చిన అంకము, ఒక పత్రికలోని వ్యాసములను సగటున ఎందరు ఉదహరించుచున్నారని తెలుపును. ఏ పత్రికలకు చందా కట్టవలెనో నిర్ణయించుకొను గ్రంథాలయములకు అది అక్కరకు వచ్చిన సాధనము. పత్రికను కొలువ పుట్టిన గజముతో క్రమముగా మనిషిని కొలువసాగినారు. ఒకే పత్రికలో నూరుమంది ఉదహరించిన వ్యాసమును, ఎవరును తలచని వ్యాసమును పక్కపక్కనే ఉండును. రెంటికిని ఒకే అంకము.

డెల్టావారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజి వద్ద ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కుల నీరు విడిచిరో ప్రతిదినము లెక్క వ్రాయుదురు. ఆ లెక్క అబద్ధము కాదు. కాని నాగాయలంకలోనో కృత్తివెన్నులోనో కాలువ చివర పొలమున్న రైతు ఆ అంకెను చూచి నారు పోయడు. గట్టు మీదికి పోయి కాలువలో నీరున్నదా లేదా అని చూచును. పరిశోధనను తూచువారు గట్టు మీదికి పోవుట మానివేసినారు.

ఫలితమేమైనదో గడచిన పదిహేనేండ్ల చరిత్ర చెప్పుచున్నది. 2010లో యూజీసీ అధ్యాపకుల నియామకములకును పదోన్నతులకును పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టినది. అంతకుముందు సంవత్సరపు నిబంధనలే డాక్టరేటు సిద్ధాంతగ్రంథమును సమర్పింపక మునుపు ఒక వ్యాసము అచ్చు కావలెనని విధించినవి. వ్యాసములకు గిరాకీ పెరిగినచోట దుకాణములు వెలయుట వింత కాదు. రుసుము చెల్లించినవారి వ్యాసమును చదువకయే అచ్చువేయు పత్రికలు దేశమంతటను పుట్టగొడుగులవలె మొలిచినవి. వానిలో అనేకములు ఆమోదిత జాబితాలోనికే చొరబడినవి. 2018 మే మాసములో ఆ జాబితానుండి ఒక్కమారుగా 4,305 పత్రికలను తొలగింపవలసివచ్చినది. మరుసటి సంవత్సరము కేర్ అను పేర కొత్త జాబితా వచ్చినది. 2025 ఫిబ్రవరిలో దానిని కూడ రద్దుచేసి, మంచి పత్రికను గుర్తించు బాధ్యతను విద్యాసంస్థలకే విడిచిపెట్టినారు. డాక్టరేటుకు ముందు వ్యాసము నిర్బంధమను నియమమును 2022లోనే ఎత్తివేసినారు. ఎత్తివేయుట మంచిదే. కాని ఆ నడుమ పన్నెండు పదమూడేండ్లలో ఎందరు విద్యార్థులు వేతనములేని దినములలో రుసుములు కట్టినారో, ఆ వ్యాసములలో ఎన్ని మరల ఎవరిచేతనైనను చదువబడినవో లెక్కించు పట్టిక ఒకటి ఉండినచో బాగుండును.

తెలుగులో వ్రాయు పరిశోధకునకు ఇందులో ఇంకొక చిక్కున్నది. అతడు వ్రాయవలసిన పత్రిక యేది? 1924లో ఆరంభమై దాదాపు ఏడు దశాబ్దములు నడచిన 'భారతి' శాసనములపై, ఛందస్సుపై, కవికాలములపై ఎన్నో వాదప్రతివాదములకు వేదిక అయినది. ఒక సంచికలో వచ్చిన అభిప్రాయమును మరొక సంచికలో వేరొకరు ఖండించెడివారు. మొదటివారు మరల సమాధానము వ్రాసెడివారు. పత్రికలో వ్యాసము పడుట అనగా వేయిమంది ఎరిగినవారి ముందు నిలిచి ప్రశ్నలకు జవాబు చెప్పుట. ఏ ప్రభావాంకమును లేకయే దాని ప్రభావము అట్టిది. నేడు ఆ స్థానమును నింపిన పత్రిక లేదు. ఉన్న కొన్ని చిన్న పత్రికలు చందాదారుల దయపై నడచుచున్నవి. అనువాదమును గూర్చి చెప్పవలెనన్నచో, ఒక సంపూర్ణ గ్రంథమును తెలుగులోనికి గాని తెలుగునుండి గాని తెచ్చినవానికి 2018 పట్టిక ఇచ్చునది ఎనిమిది పాయింట్లే. మంచి అనువాదము చేయుట ఎంత కష్టమో చేసినవారికి తెలియును, చదివినవారికి కొంత తెలియును, పట్టికకు తెలియదు.

కాలమును గూర్చి కూడ ఆలోచింపవలెను. కృష్ణా పశ్చిమ డెల్టాలోని బాపట్ల నుండి 1986లో బీపీటీ 5204 అను వరి వంగడము విడుదలైనది. సాంబ మసూరి యని జనులు దానిని పిలుతురు. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకములను సంకరపరచి దానిని సాధించినారు. వరిలో సంకరము చేయుట ఒక పూట పని. ఆ విత్తనమును వరుసగా ఆరేడు తరములు పండించి, వేలకొలది మొక్కలలో కొన్నింటిని ఏరి, గుణము నిలకడపడువరకు వేచి, పలుచోట్ల పరీక్షించి, రైతు పొలములో నెగ్గినదని తేల్చుటకు పది పండ్రెండేండ్లు పట్టును. నడుమ ప్రతి సంవత్సరము చెప్పుకొనదగిన వార్త ఏమియు ఉండదు. "ఈ ఏడు ఏమి ప్రచురించితివి?" అని అడిగినచో శాస్త్రజ్ఞుడు చూపగలిగినది బురదలో నిలిచిన మొక్కలు మాత్రమే. ఆ సన్నబియ్యము నేడు తెలుగునాట ఎన్ని కంచములలో ఉన్నదో చెప్పనవసరము లేదు. దాని ఆకుఎండు తెగులును తట్టుకొను రూపమును హైదరాబాదులోని పరిశోధనాసంస్థలు 2008లో విడుదల చేసినవి. 2025 మే నెలలో ప్రకటింపబడిన 'కమల' అను జన్యుసవరణ వంగడమునకు మూలము కూడ ఈ సాంబ మసూరియే. నలువదేండ్లుగా పనిచేయుచున్న పరిశోధన ఇది. వ్యవసాయ శాస్త్రజ్ఞులకు యూజీసీ పట్టిక వర్తింపదు, వారి నిబంధనలు వేరు. ఐనను పత్రికలకు అంకములు వేసి వ్యాసములు లెక్కించు అలవాటు వారికిని అంటుకొన్నది.

ఇంతవరకు చదివినవారు ఒక ప్రశ్న వేయుదురు. వేయవలెను కూడ. అంకెలు లేనినాడు అంతయు న్యాయముగా జరిగినదా?

జరిగినదని చెప్పుటకు వీలు లేదు. పాయింట్ల పద్ధతి ఊరక రాలేదు. ఇంటర్వ్యూ గదిలో నలుగురు కూర్చుండి, అభ్యర్థి ఇంటిపేరు విని, ఊరు విని, సిఫారసు ఉత్తరము చూచి నిర్ణయించిన కాలము ఒకటి కలదు. కులము, బంధుత్వము, పలుకుబడి అను మూడు పడికట్టు రాళ్ళతో తూచిన త్రాసులవి. తన వంశములో మొట్టమొదట కళాశాల మెట్టెక్కిన యువకుడు, లేక యువతి, అంకెను నమ్ముటలో ఆశ్చర్యము లేదు. అంకెకు బంధువులు లేరు. పట్టికలో ఎనభై వచ్చినవానిని త్రోసి అరువది వచ్చినవానిని ఎన్నుకొన్నచో న్యాయస్థానమునకు పోవచ్చును. "మీ పుస్తకము మాకు నచ్చలేదు" అన్నచో ఎవరి వద్దకు పోవలెను? కాబట్టి పట్టికను చించివేయుటయే సంస్కరణమని భావించువారు ఈ భయమునకు ముందుగా జవాబు చెప్పవలసియున్నది.

మనుష్యుల తూనికలో ఎంత దోషముండునో యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమే సాక్ష్యము. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహావైద్యశాస్త్రజ్ఞుడు మద్రాసు వైద్యకళాశాలలో గాంధీ పిలుపు విని ఖద్దరు తొడిగినాడు. ఆచార్యునకు అది గిట్టలేదు. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చినది. అమెరికా పోయి హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినాడు. ఆ పద్ధతి ప్రపంచమందలి ప్రయోగశాలలకు నిత్యసాధనమైనది. కండరములకు శక్తినిచ్చు పదార్థములను గూర్చిన పరిశోధన 1927, 1929లలో వెలువడినది. ఐనను ఆ విశ్వవిద్యాలయము ఆయనకు స్థిరమైన ఉద్యోగమీయలేదు. 1940లో లెడర్లీ అను ఔషధ సంస్థకు పోయినాడు. ఆయన ఆధ్వర్యమున వచ్చిన హెట్రజాన్ మందు బోదకాలు వ్యాధికి నేటికిని వాడబడుచున్నది. గోదావరి, కృష్ణా డెల్టాల పల్లెలలో ఆ వ్యాధి పీడను ఎరుగని తరము లేదు. 1948లో ఆయన మరణించునాటికి ఆయన పేరు స్వదేశమున కొందరికే తెలియును. ఇందు వ్యాసములు తక్కువై జరిగిన అన్యాయము లేదు. పని ఎదుట ఉండగా పనిని చూడక మనిషిని చూచినారు.

దీనికి ఎదురుగా ఇంకొక సంగతి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు పట్టభద్రులు కారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము పనిలో చేరి, శాసనములు చదువుటలో ఆరితేరినారు. వారి రెడ్డిరాజ్యముల చరిత్రను ఆంధ్ర విశ్వవిద్యాలయము 1948లో ఇంగ్లీషున ప్రచురించినది. పట్టము లేని ఆయనను ఆ విశ్వవిద్యాలయమే అధ్యాపకునిగా చేర్చుకొన్నది. అక్కడ ఎవరో ఆయన వ్రాసినది చదివినారు. చదివి, ధైర్యముగా నిర్ణయించినారు. నేటి నిబంధనలలో ఆయన దరఖాస్తు గుమాస్తా బల్ల దాటి లోపలికి పోదు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూచినచో విషయము తేటపడును. పరిశోధకునకు అన్యాయము చేయునది అంకె ఒక్కటియే కాదు, మనిషి ఒక్కడే కాదు, చదువక నిర్ణయించుట. పట్టికను పెట్టుకొన్నవాడును చదువడు, సిఫారసును నమ్మినవాడును చదువడు. చదివినచో మాత్రము సరిపోదు, ఏమి చదివి ఎందుకట్లు నిర్ణయించితినో వ్రాసి సంతకము చేయవలెను. ఆ వ్రాత అభ్యర్థి చేతికి అందవలెను. అప్పుడు అతనికి అంకెను పట్టుకొని న్యాయస్థానమునకు పోవు హక్కు పోయినను, కారణమును పట్టుకొని ప్రశ్నించు హక్కు మిగులును.

ప్రపంచము ఈ దారిలోనికి మెల్లగా వచ్చుచున్నది. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన జీవకణ శాస్త్రజ్ఞులు, పత్రిక యొక్క అంకముతో పరిశోధకుని తూచరాదని ఒక ప్రకటన రచించి మరుసటి ఏడు వెలువరించినారు. 2015లో లైడెన్ పేర వెలువడిన పది సూత్రములలో ఒకటి మనకు మిక్కిలి దగ్గరిది: ఇంగ్లీషులో గాక స్థానిక భాషలలో స్థానిక విషయములపై జరుగు ఉత్తమ పరిశోధనను కాపాడవలెనని దాని భావము. 2022లో ఐరోపాలోని సంస్థలు అనేకము గుణము చూచి తూతుమని ఒడంబడిక చేసికొన్నవి. మన దేశమున భారత జాతీయ విజ్ఞాన అకాడమీ 2018లో ప్రకటించిన విధానపత్రము కూడ, వ్యాసముల రాశిని గాక అభ్యర్థి తాను ఎన్నుకొన్న ఉత్తమమైన కొన్నింటిని చూడవలెనను దారినే పట్టినది. 2025 జనవరిలో యూజీసీ వెలువరించిన ముసాయిదా పాయింట్ల పట్టికను విడిచి, తొమ్మిది రంగములలో కనీసము నాలుగింట చెప్పుకొనదగిన కృషి ఉండవలెనన్నది. వానిలో భారతీయ భాషలలో బోధన ఒకటి. ఆశ కలిగించు మాటయే. కాని "చెప్పుకొనదగినది" అని ఎవరు నిర్ణయింతురు, ఏమి చదివి నిర్ణయింతురు అను చోట ముసాయిదా మౌనముగా ఉన్నది. ఆ మౌనములోనికి పాత పలుకుబడులు ప్రవేశింపక మానవు.

చేయవలసినది కష్టమైనది గాని అసాధ్యమైనది కాదు. అభ్యర్థి తన పనులలో అయిదింటిని తానే ఎన్నుకొని, ఒక్కొక్కదానిలో కొత్తగా తేలినదేమో ఒక పుటలో చెప్పవలెను. ఆ అయిదింటిని ఆ విషయము తెలిసిన ఇద్దరు, అభ్యర్థితో గురుత్వముగాని చుట్టరికముగాని లేనివారు, చదివి అభిప్రాయము వ్రాయవలెను. తెలుగు రచనను తెలుగు చదువగలవారే చూడవలెను. దానిని ఇంగ్లీషులో సంగ్రహించి ఇచ్చినగాని తూచలేమనువారికి ఆ పీఠముపై పని లేదు. తెలుగునాట అట్టివారు దొరకనిచో మద్రాసు, మైసూరు, బెంగుళూరు, కాశీ విశ్వవిద్యాలయములలో తెలుగు ఆచార్యులున్నారు. చదివినందుకు వారికి గౌరవవేతనమీయవలెను, తగిన కాలమీయవలెను. ఒక్క ఉదయమున నలువదిమందిని ఇంటర్వ్యూ చేసి మధ్యాహ్నమునకు జాబితా ప్రకటించు ఆచారముతో ఇది పొసగదు.

పరిశోధకుని పరిస్థితిని కూడ చూడవలెను. కళాశాల అధ్యాపకుడు వారమునకు 16 గంటలు పాఠము చెప్పవలెనని నిబంధన. డెల్టాలోని చిన్న పట్టణపు డిగ్రీ కళాశాలలో పాఠముతో పాటు ప్రవేశములు, పరీక్షలు, తనిఖీ బృందములకు సిద్ధము చేయు కట్టలకొలది కాగితములు అతని తల మీదనే పడును. గ్రంథాలయమున ప్రామాణిక నిఘంటువు కూడ ఉండకపోవచ్చును. అతడు సెలవులలో చెన్నపురికో తిరుపతికో సొంత ఖర్చుతో పోయి తాళపత్రములు చూచి వచ్చును. బిడ్డలను కని పెంచు అయిదారేండ్లు పరిశోధనకు దూరమైన అధ్యాపకురాలి ఖాతాలో ఆ సంవత్సరములు సున్నలుగా నిలుచును. కాంట్రాక్టు అధ్యాపకునకు వచ్చే సంవత్సరము ఉద్యోగముండునో లేదో తెలియదు. అతడు పదేండ్ల పనికి పూనుకొనుమన్నచో ఎట్లు పూనుకొనును? వీరిని, ప్రయోగశాలయు సహాయకులును గలిగిన ఆచార్యుని, ఒకే కాటాలో వేసి ఇద్దరిలో ఎవరు బరువని అడుగుట న్యాయము కాదు. ఏ వసతులతో ఎంత సాధించినాడను ప్రశ్న ముందు రావలెను.

బోధన మాట వేరుగా చెప్పవలెను. చెళ్ళపిళ్ళవారు బందరులో హైస్కూలు తెలుగు పండితులు. విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతముగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు, వేటూరివారు వారి శిష్యులు. ఒక ఉపాధ్యాయుని వద్దనుండి ఇందరు వెలువడుట ఏ పద్దు కింద జమ వేయుదురు? నేటి పాఠశాలలలోని ఉపాధ్యాయులకు ఈ చర్చ దూరపుదిగా తోచినచో, బెజవాడ వీధులలో ర్యాంకుల బోర్డులను ఒక్కమారు చూచినచాలును. అంకెలో ఒదిగినదే చదువు అను నమ్మకము అక్కడ మొదలై, విశ్వవిద్యాలయము వరకు నడచి వచ్చినది. పదవ తరగతిలో ఎన్ని మార్కులని మాత్రమే అడుగబడిన బాలుడే ముప్పదేండ్లకు ఎన్ని వ్యాసములని మాత్రమే అడుగు సంఘములో సభ్యుడగుచున్నాడు.

వెంటనే చేయదగిన పని ఒకటి ఉన్నది. రాష్ట్ర ఉన్నత విద్యామండలియు, కృష్ణా, నాగార్జున విశ్వవిద్యాలయములును యూజీసీ తుది నిబంధనలకై ఎదురుచూడకుండ, ఒక విన్నపము పంపవచ్చును. ప్రాచీన గ్రంథ పరిష్కరణము, శాసన సంకలనము, నిఘంటువు, విజ్ఞానసర్వస్వము, మాండలిక పదసేకరణ, అనువాదము అనువానిని సంపాదకుని గడిలో ఇరికింపక పరిశోధనగానే పేర్కొనవలెనని అందు కోరవలెను. పెనుగంచిప్రోలున జన్మించిన లక్ష్మణరావుగారు విజ్ఞానసర్వస్వమును మూడు సంపుటములు వెలువరించి, అకారము దాటకముందే 1923లో, నలువదియారేండ్లకు, కన్నుమూసినారు. ఆ సంపుటములలో పెక్కు వ్యాసములు ఆయన స్వయముగా వ్రాసినవే. అట్టి పనికి నేడొక అధ్యాపకుడు పూనుకొనగోరినచో, పూనుకొనవచ్చునని అతని శాఖాధ్యక్షుడు చెప్పగలిగిన స్థితి కావలెను.